మూడో గదిలో నాలుగువందల మూటలు

ఆమె మెట్లెక్కి వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెడ తిప్పి వీధివైపు రెండుసార్లు చూసుకుంది. మే నెల మిట్టమధ్యాహ్నం, హిందూపురం మార్కెట్ యార్డు ముందర కుక్క కూడా తిరగని వేళ. అయినా ఎవరో వెంటపడి వస్తున్నట్టే ఉంది ఆమె వాలకం.

“రామ్మా, ఈడ నిన్నెవరూ ఏమనరు,” అన్నాడు జాన్.

జాన్ రిటైరైన హెడ్ కానిస్టేబులు. ముప్పై నాలుగేళ్ళ నౌకరీలో ఎంతమంది ఆఫీసర్లకు సెల్యూట్ కొట్టాడో లెక్కలేదు గానీ, మనసారా కొట్టాలనిపించింది మాత్రం ఇప్పుడు, ఈ ఎరువుల అంగడి మేడ మీద, ప్రేమలతకే. ఆమె ఇరవై ఏళ్ళు బీమా కంపెనీల తరఫున కాలిన గోడౌన్లూ, బోల్తాపడ్డ లారీలూ, చచ్చిన గొర్రెలూ చూసి, ఏది దేవుడు చేసిందో ఏది మనిషి చేసిందో తేల్చిన మనిషి. ఆ ఉద్యోగం విసుగెత్తి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆడమనిషి డిటెక్టివ్ ఏందని ఊరు నవ్వింది. నవ్వినవాళ్ళలో నలుగురు తర్వాత ఇవే మెట్లెక్కి వచ్చారు.

“నా పేరు చౌడక్క. పుట్టింది ధర్మవరం, ఉండేది పెనుకొండ. ఇంటాయన పేరు చెన్నప్ప,” అని ఆమె తల దించుకుంది. పది రోజుల కిందటిదాకా ఆ పేరు చెప్పడానికి ఆమె తల దించుకుని ఉండదు.

జాన్‌కు అర్థమైపోయింది. చింతపండు దొంగ చెన్నప్ప అని పేపర్లో పడిన మనిషి. చచ్చినోడి కళ్ళు చారెడంటారు. చెన్నప్ప విషయంలో ఆ సామెత కూడా పనిచేయలేదు.

ఆమె వెనకే ఇంకో మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. “నా తమ్ముడు కుళ్ళాయప్ప. ఒంటరిగా పోవద్దక్కా అని తోడొచ్చినాడు,” అంది చౌడక్క. కూర్చోగానే జాన్‌వైపు తిరిగి, “అన్నా, ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తావా? వీనికి చలిగాలి తగిలితే ముక్కు బిగుసుకోని ఊపిరాడదు. చిన్నప్పట్నుంచీ అంతే,” అంది. మే నెలలో ఫ్యాను తగ్గించమన్నవాళ్ళను జాన్ మొదటిసారి చూశాడు. సరే అని తగ్గించాడు. టీ వచ్చింది. కుళ్ళాయప్ప ఎడమచేయి చాచబోతే అక్క కళ్ళెర్రజేసింది. అతను నవ్వి కుడిచేత్తో అందుకున్నాడు. తల్లి పోయాక వాడిని సాకింది తనేనని ఆమె చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది.

“మొదట్నుంచీ చెప్పమ్మా,” అంది ప్రేమలత.

మొదలంటే షేర్ల దగ్గర మొదలు. అయిదారేళ్ళ కిందట కంప్యూటర్ కంపెనీల షేర్లు ఆకాశానికెక్కి, అంతే జోరుగా నేలమీద పడ్డాయి. జాన్ రిటైర్మెంటు దుడ్లలో సగం అందులోనే బూడిదయ్యాయి. ఈ పక్క ఊళ్ళలో షేరు మాటెత్తితే కొట్టొచ్చేంత కోపం మిగిలింది. ఆ కోపాన్ని పసిగట్టినవాడు హరి. సరుకుల మీద కంప్యూటర్ బేరాలకు సర్కారు అనుమతించిన ఏడాదే హిందూపురంలో ‘పసిడిరాశి కమాడిటీస్’ అని బోర్డు పెట్టాడు. వాడి మాట చక్కెర. “షేరంటే యాడో బొంబాయిలో ఎవడో ఇచ్చిన మాటప్పా. సరుకంటే సరుకే. కంపెనీ మునిగితే కాగితం చిత్తయితాది. చింతపండు చిత్తయితాదా? ఏం లేకున్నా చారన్నా కాచుకోవచ్చు!” అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూనే సంచి మూతి విప్పేవాళ్ళు.

తెలిసినవాళ్ళు తెరమీద మిరప, పసుపు, మిరియాల ధరలు ముందే పలికి పందెం కాసేవాళ్ళు. తెలియనివాళ్ళకు హరి చింతపండు చూపించాడు. సీజన్లో కొని, చలిగదిలో పెట్టి, కార్తీకంలో ధర లేచాక అమ్మడం. ధర్మవరం నేతగాళ్ళూ, కొత్తచెరువు రైతులూ కలిసి అరవైమంది చేరారు. ఎవరి మూటలు వాళ్ళే యార్డులో చూసి, నోట్లో వేసుకుని, మూతి కుట్టించి, తమ పేరు చీటీ కట్టించుకున్నారు. మార్చిలో నాలుగువందల మూటలు రెండు లారీల్లో ఎర్రమంచి దాటాక ఉన్న కోల్డ్ స్టోరేజీకి పోయాయి. ఆ స్టోరేజీలో మూడో గది తాళం చెన్నప్పది.

“పోయిన ఆదివారం కాదు, ఆ ముందరి ఆదివారం పొద్దున,” అంది చౌడక్క. “మూటలు మీద పడి చచ్చి ఉన్యాడంట. పగిలిన మూటల్లో చింతపండు ల్యా. గింజలు, తొక్కలు! ఎనకపక్క మూటలన్నీ అంతేనంట. ముందర రెండు వరసలు మాత్రమే చింతపండు. పోలీసోళ్ళు ప్రమాదం అని రాసుకోని పోయిరి. జనం మాత్రం, చెన్నప్పే మార్చినాడు, సర్దబోయి మూటల కింద పడి చచ్చినాడు అంటాండారు. నా వాకిట్లో నిలబడి ‘దొంగ పెండ్లామా’ అన్యారమ్మా. సోమవారంలోగా ఇల్లు రాసియ్యల్లంట. ఇల్లు పోతే పోనీ. ఆయప్ప ఒగ చింతకాయ కూడా ఇంటికి తేలేదు. నాకు ఆయప్ప పేరు మళ్ళా కావల్ల.”

“మా బావ మంచోడే మేడమ్,” కుళ్ళాయప్ప నెమ్మదిగా అన్నాడు. “నేను హరన్న దగ్గర ఏజెంటుగా చేస్తాండా. నేను జేర్పిచ్చినోళ్ళే నన్ను తిడతాండారు. కానీ తాళం బావ దగ్గరే గదా ఉన్యాది. నేనేం చెప్పేది?”

అక్క అతనివైపు చురుక్కున చూసింది. ప్రేమలత మాత్రం ఆమెనే అడిగింది. “పోయే ముందు ఆయన ఏమన్నా అన్నాడా?”

“ఆ వారమంతా సరిగ్గా తిన్లేదు. ‘ఈ మూటలు కరుచుకోలేదే, ఏందో ఉండాది’ అని తనలో తనే అనుకుంటాండె. శనివారం పోతా పోతా ‘ఇంట్లో మాట ఇంట్లోనే తేల్చుకోవల్ల’ అన్యాడు. ఏం మాటో చెప్పల్యా.”

ప్రేమలత ఆ రెండు మాటలూ కాగితం మీద రాసుకుంది. ఆమె రాసుకున్నదంటే అందులో ఏదో ఉన్నట్టే. అదేందో జాన్‌కు తెలియలేదు. తెలియదని అతనికి అలవాటే.

*

కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రీ మునెప్ప తలుపు తీశాడు. గదిలోంచి చలి మొహాన కొట్టింది. కింద పడిన మూటలు పక్కకు లాగేశారు గానీ గింజలు ఇంకా నేలంతా ఉన్నాయి.

“ముందర వరసలు చూడండి మేడమ్,” మునెప్ప ఒక మూటను రెండు చేతులా పట్టి లాగాడు. కదల్లేదు. “చింతపండు చలిలో రెండు నెలలుంటే మూటకు మూట ఒత్తుకోని గోడమాదిరి కరుచుకుంటాది. తీసేటప్పుడు ఇద్దరం పీకల్ల. గింజల మూటలు కరుచుకోవు, గుండ్రంగా జారతాయి. చెన్నప్ప ముందు హమాలీనే. చేత్తో తడితే తెలిసిపోయుంటాది.”

“అయితే ఈ మూటలు వాటంతటవే జారి పడినాయా?”

“ఊరికే పడవు మేడమ్. ఎనకనుంచి తోయల్ల.”

ఒకదానిమీదొకటి పేర్చిన మూటల నెట్టుకూ గోడకూ నడుమ చలిగాలి ఆడేదానికి ఒక మనిషి పట్టేంత సందు ఉంది. ప్రేమలత అందులోకి దూరింది. మనిషి వీపు ఎత్తున గోడకు కొట్టిన సున్నం రాలిపోయి ఉంది. గోడకు వీపు ఆనించి కాళ్ళతో తంతే మూటలు అవతల, ముందర వరసల వెనకున్న నడవలోకి కూలతాయి. ఆమె బయటికి వచ్చి తలుపు పక్క మేకుకు వేలాడే ఖాకీ ఉన్నికోటు తిప్పి చూసింది. వీపుమీద తెల్లగా సున్నం.

“ఈ కోటెవరిది?”

“చెన్నప్పదే. గదికొక కోటు. ఆయప్పకు ఉబ్బసం, కోటు లేకుండా లోపలికి అడుగుపెట్టేవాడు కాదు.”

“చనిపోయినప్పుడు ఒంటిమీద ఉన్నిందా?”

మునెప్ప ఆలోచించాడు. “ల్యా మేడమ్. పైపంచె కప్పుకోని ఉన్యాడు. కోటు ఈడే వేలాడతాండె.”

తర్వాత ఆమె గింజల మూట ఒకటి వెలుతురులోకి తెప్పించి మూతి చూసింది. జాన్‌కు ఏమీ కనపడలేదు. పురికొసతో కుట్టిన కుట్టు, ముడి యాడా తెగలేదు, యజమాని చీటీ అట్లే ఉంది. ఆమె కుట్టు పొడవునా గోటితో తడుముతూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ పురికొస తెంపి మళ్ళీ కలిపారు. ముడివేసి కాదు. రెండు కొసలూ ఒకదానిలో ఒకటి మెలిపెట్టి, వేళ్ళతో నలిపి. ఆ అతుకు దగ్గర కొంచెం బూడిద రంగు పొడి అంటుకుంది. పది మూటలు చూసింది. పదింటికీ అదే అతుకు, అదే పొడి. రెండు అతుకులు కత్తిరించి కవరులో వేసుకుంది.

బయట రేకుల కింద పోతులయ్య కూర్చుని ఉన్నాడు. కొత్తచెరువు మనిషి, గొర్రెలవాడు. మిగిలిన చింతపండును కూడా ఎవడన్నా ఎత్తుకుపోతాడేమోనని పదిరోజులుగా అక్కడే కాపలా.

“శుక్రవారం చెన్నప్పతో పోట్లాడినావంటనే?” అడిగింది ప్రేమలత.

“పోట్లాడినా. నా మూటలు ఇప్పి చూపియ్యి అంటి. రేపు చూద్దాంలే అనె. ఏదో దాస్తాండాడని అప్పుడే అనుకొంటి. నేను అరవై గొర్రెలమ్మి పెట్టినానమ్మా! శనివారం సంతలో మిగిలిన నాలుగూ అమ్ముకుంటాండా, ఊరంతా చూసినారు. నన్ను అనుమానిస్తే నీ ఇష్టం.”

“లారీలు యార్డులో బయలుదేరింది పదహారో తేదీ. ఈడికి చేరింది పద్దెనిమిది. ముప్పై చిల్లర కిలోమీటర్లకు రెండు రోజులా?”

“ఒగ లారీ చెడిపోయిందంట. అన్నీ ఒగ షెడ్డులో దించినారు. నేనూ ఒగ పగలు పోయి కూర్చుంటి. రాత్రి హరి మనుషులుండ్రి.”

*

హరి ఆఫీసులో చల్లటి గది, గోడంతా ఎర్ర అంకెలూ పచ్చ అంకెలూ. నలుగురు మనుషులు అన్నం నీళ్ళు మరిచి తెరకేసి చూస్తున్నారు. ఒకడు “లేస్తాది లేస్తాది” అని గొణుగుతున్నాడు. జాన్ తనను తాను చూసుకున్నట్టయి మొహం తిప్పుకున్నాడు.

“నా చేతికి మట్టి అంటలేదు మేడమ్,” హరి చేతులు చాపి చూపించాడు. “కొనిచ్చినా, కమిషన్ తీసుకున్యా, స్టోరేజీకి అప్పజెప్పినా. అంతవరకే నా పని. ఆ పైన చెన్నప్ప.”

“చింతపండు స్టోరేజీకి పోయినాక, మార్చి ఆఖర్లో నీ దగ్గర ఉన్నట్టుండి పెద్ద మొత్తం కట్టింది ఎవరు?”

“అది ఖాతాదారుల రహస్యం.”

“పోలీసులు అడిగితే రహస్యం ఉండదు. అప్పుడు నీ కమిషన్ పుస్తకం కూడా తెరుస్తారు.”

హరి పెదవి కొరుక్కుని కంప్యూటర్లో ఒక పేజీ తెరిచాడు. జాన్ వంగి చదివాడు. మార్చి ఇరవైన ఆరు లక్షలకు పైన జమ. అంతా మిరప మీదే పెట్టారు. మొన్నటికి మిగిలింది సున్నా. ఖాతా పేరు చౌడక్క, పెనుకొండ. కింద ఆమె సంతకం.

“ఇంత దుడ్డు యాడిదని అడగలేదా?” అంది ప్రేమలత.

“కట్టేవాళ్ళను యాడిదని అడిగితే నా అంగడి నడుస్తాదా?” అన్నాడు హరి.

మెట్లు దిగుతుంటే జాన్ ఉండబట్టలేకపోయాడు. “మేడమ్, మొగుడూ పెండ్లామూ కలిసి ఆడిన నాటకం మాదిరి ఉండాది. మనల్ని గూడా బకరాలను చేసింది ఆయమ్మ.”

“మన దగ్గరికి రాకుంటే ఈ ఖాతా సంగతి ఎవరికీ తెలిసేది కాదు గదా, జానన్నా. దొంగ పోయి డిటెక్టివును పిలుచుకుంటాడా?” అంది ఆమె. “పెనుకొండ పోదాం పద.”

పెనుకొండలో చౌడక్క ఇల్లు రెండు గదులు. గోడమీద బొగ్గుతో ఎవరో ‘దొంగ’ అని రాశారు. ఆమె కడిగినా మరక మిగిలింది. ప్రేమలత ముందు సంతకాల మాట అడిగింది.

“నేను యాడా చేయలేదు. జనవరిలో మావాడు పొదుపు సంఘం లోను కాగితాలని తెస్తే చేసినా, అంతే,” అంది చౌడక్క.

ప్రేమలత కవరు తీసి పురికొస అతుకు ఆమె అరచేతిలో పెట్టింది. “ఇదేందో చెప్పగలవా?”

చౌడక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. బొటనవేలితో మెలి విప్పి చూసింది, మళ్ళీ మెలిపెట్టింది. ఇటు తిరిగేసరికి ఆ మొహంలో నెత్తురు లేదు. “తెలీదమ్మా,” అంది. పురికొస తిరిగి ఇయ్యడం కూడా మరిచిపోయింది. ప్రేమలతే చేయి చాచి తీసుకుంది.

దోవలో జాన్, “అబద్ధం చెప్పింది,” అన్నాడు.

“అవును,” అంది ప్రేమలత.

*

ఆదివారం పొద్దున కోల్డ్ స్టోరేజీ ఆవరణలో రేకుల కింద అందరూ చేరారు. పోతులయ్య, అతని వెనకాల నలభైమంది దాకా మూటలవాళ్ళు. హరి. మునెప్ప. చౌడక్క, పక్కనే కుళ్ళాయప్ప. జాన్ కింద ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరైన మనిషి ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. ప్రేమలత నిలబడే మాట్లాడింది.

“మొదట చెన్నప్ప సంగతి. మూటలు ఈ గదికి వచ్చినాక మార్చలేదు. రాకముందే మార్చినారు. లారీ చెడిపోయిందని షెడ్డులో దించిన రెండు రోజుల్లో. గదిలోనే మార్చివుంటే ఇన్ని మూటల సరుకు ఈ గేటు దాటి పోవల్ల. గేటు పుస్తకంలో ఒక మూట కూడా బయటికి పోలేదు. చెన్నప్ప చేతికి వచ్చేసరికే అవి గింజలు.”

జనంలో గుసగుస లేచింది. పోతులయ్య తల వంచుకున్నాడు.

“మీరు కుట్టించిన ముడులు తెగలేదని గదా షెడ్డు మీద మీకు అనుమానం రాలేదు. ముడి జోలికి పోకుండా పక్కన పురికొస తెంపి, సరుకు మార్చి, ముడి లేకుండా అతికినారు. హమాలీకి ఆ పని చేతకాదు. గొర్రెలాయనకు చేతకాదు. హరికి అసలే చేతకాదు. మగ్గం మీద కొత్త అచ్చు పడుగును పాత పడుగుకు పోగుపోగునా మెలిపెట్టి అతికేవాళ్ళకే చేతనవుతాది. అంటే నేతపని తెలిసినవాళ్ళకు. పట్టుపోగు జారతాదని వాళ్ళు వేళ్ళకు బూడిద అద్దుకుంటారు. పురికొస గరుకు, దానికి బూడిద అక్కర్లేదు. కానీ చేసినవానికి చిన్నప్పటి అలవాటు. అద్దుకున్నాడు. ప్రతి అతుకులోనూ బూడిద మిగిలింది.”

“ధర్మవరంలో అచ్చు అతికేవాళ్ళు వేలమంది మేడమ్,” అన్నాడు కుళ్ళాయప్ప. గొంతు మామూలుగానే ఉంది.

“ఉండారు. వాళ్ళలో ఎంతమంది ఆ షెడ్డులో రాత్రులు కాపలా ఉన్నారు? ఎంతమందికి చౌడక్క చేత సంతకం పెట్టించుకునే చనువు ఉంది? ఏజెంటు తన పేరున పందెం కాయకూడదని హరి నియమం. అందుకని ఖాతా అక్క పేరున తెరిచినారు. చింతపండు అమ్మిన దుడ్డంతా దాంట్లో పోసి, మిరప మీద పెట్టి, పోగొట్టినారు.” ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. “చెన్నప్ప మూటలు తట్టి చూసినాడు. కరుచుకోలేదు. లారీలతో వచ్చిన మనిషెవరో ఆయనకు తెలుసు, గేటు పుస్తకంలో ఆ సంతకం కూడా ఉంది. పోతులయ్యకు చెప్పలేదు, పోలీసుకు చెప్పలేదు. ఇంట్లో మాట అని శనివారం ఆ మనిషిని పిలిపించుకున్నాడు. ఆ మనిషికి చలి పడదు. తనకు ఉబ్బసం ఉన్నా, తన కోటు విప్పి అతనికి తొడిగినాడు. ఆ కోటు వీపుకే గోడ సున్నం అంటింది. తొడిగించుకున్నవాడు నెట్టు వెనక్కి పోయి, గోడకు వీపు ఆనించి మూటలు తోసినాడు. పోతా పోతా కోటు మేకుకు తగిలించిపోయినాడు.”

జాన్‌కు తన చేత్తో తగ్గించిన ఫ్యాను గుర్తొచ్చింది. ఇంత కాలం పోలీసు ఉద్యోగం చేసి ఏం లాభం అనుకున్నాడు.

“కథ బాగుండాది,” కుళ్ళాయప్ప నవ్వబోయాడు. “అక్కా, సూడు, మనమే దుడ్లిచ్చి పిలిపిచ్చుకున్న మనిషి...”

చౌడక్క అతనివైపు చూడలేదు. లేచి నిలబడి ప్రేమలత దగ్గరికి వచ్చింది. “ఆ అతుకు ఇంగోసారి ఇయ్యమ్మా,” అంది. అందుకుని అందరికీ కనపడేటట్టు పట్టుకుంది.

“అందరూ కుడిచేత్తో మెలిపెడతారు. ఇది ఎడమచేతి మెలి, ఎదురు తిరుగుతాది. మా ఇంట్లో ఒగనికే ఆ చెయ్యి. ఏడేండ్లప్పుడు మగ్గం కాడ నా ఒళ్ళో కూర్చోబెట్టుకోని నేనే నేర్పిస్తి. కుడిచేత్తో చెయ్యిరా అని ఎంత కొట్టినా మానల్యా.” అప్పుడు తమ్ముడివైపు తిరిగింది. “ఆ రోజే పోల్చుకొంటిరా. తెలీదంటి. మూడు రోజులు నోట్లో గుడ్డ కుక్కుకోని ఉంటి. ఆయప్ప నీకు కోటు తొడిగినాడంట గదరా. నువ్వు కొంచెం సేపు ఆగింటే ఇంటికి తోడుకోనొచ్చి అన్నం గూడా పెట్టిచ్చుండునే!”

కుళ్ళాయప్ప కూలబడిపోయాడు. “ఒగ వారం ఆగు బావా అంటి అక్కా. మిరప లేస్తాది, అన్నీ కొనిపెడతా అంటి. ఇన్లేదు. పొద్దునకు పోతులయ్యకు చెప్తా అనె. ఒగ వారమే అడిగితి...”

కానిస్టేబుళ్ళు లేపి జీపు ఎక్కించారు. చౌడక్క అటు చూడలేదు.

జీపు గేటు దాటింది. తర్వాత వెనకనుంచి ఎవరో, “మరి మన దుడ్లు?” అన్నారు. హరి గొంతు సవరించుకున్నాడు. “నా దగ్గర కాగితం పక్కాగా ఉండాదప్పా. పోగొట్టిన ఖాతా ఆయమ్మ పేరుమీద ఉండాది.”

అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. జాన్ ముందుకొచ్చాడు. “మీకు మనసుండాదా? మొగుడు పాయె, తమ్ముడు పాయె, ఇంగా ఆమెనే పీక్కోని తింటారా?” అని అరిచాడు.

“నీకు నెలనెలా పింఛను వస్తాది సారూ, నువ్వు ఎంతైనా మాట్లాడతావు,” అన్నాడు పోతులయ్య. కోపంగా కాదు, ఏడుపు ఆపుకుంటూ. “నా దొడ్డిలో ఇప్పుడు ఒగ గొర్రె ల్యా. దొంగ మొగుడు కాకుంటే తమ్ముడు. ఎవరైనా ఆయింటోడే గదా?”

“మోసంతో తీసుకున్న సంతకం అది, కోర్టులో నిలవదు,” ప్రేమలత గట్టిగా చెప్పింది. “చౌడక్కా, నువ్వు ఎవరికీ ఏమీ ఇయ్యాల్సిన పనిలేదు. నేను సాక్ష్యం చెప్తా.”

చౌడక్క తల అడ్డంగా ఊపింది. “కోర్టులో గెలిచి నేను మళ్ళా ఈళ్ళ నడుమనే గదమ్మా బతకల్ల. ఈళ్ళను జేర్పిచ్చింది నేను పెంచినోడే.” పోతులయ్యవైపు తిరిగింది. “ఇల్లు తీసుకోండి. కానీ రేపు అందరూ నా వాకిట్లోకి రావల్ల. యాడ నిలబడి దొంగ అన్యారో ఆడే నిలబడి, వీధంతా ఇనేటట్టు, చెన్నప్ప దొంగ కాదని చెప్పల్ల. ఒగరొగరే చెప్పల్ల. అప్పుడే తాళం.”

ప్రేమలత చౌడక్క చేతిలోని అతుకు తీసుకుని మళ్ళీ కవరులో వేసుకుంది.

సోమవారం పొద్దున వాళ్ళు వచ్చారు. పెనుకొండ వీధిలో అరుగులమీద జనం నిలబడి చూశారు. పోతులయ్య ముందు చెప్పాడు, “చెన్నప్ప దొంగ కాదు” అని. తర్వాత ఒకరి వెనక ఒకరు. కొందరు గట్టిగా, కొందరు గొణుగుతూ. గొణిగినవాళ్ళచేత చౌడక్క మళ్ళీ చెప్పించింది. ఆఖరి మనిషి చెప్పేదాకా గుమ్మంలో నిలబడే వింది. అప్పుడు కొంగుముడి విప్పి తాళంచెవి పోతులయ్య చేతిలో పెట్టింది. బట్టల మూట ఒకటి చంకన పెట్టుకుంది. జాన్ అందుకోబోతే ఇయ్యలేదు.

పోతులయ్య తాళంచెవిని చేతిలో తిప్పుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అన్నట్టు, ఇంటి మీటరు వైపు చూశాడు.

“కరెంటు బిల్లు ఏమన్నా బాకీ ఉండాదా అమ్మా?”

“ల్యా,” అంది చౌడక్క. “పోయే ముందురోజు ఆయప్పే కట్టొచ్చినాడు.”